పురికొస చిక్కులు – గడ్డిమోపుల సంరక్షణ

యంత్రాలను గూర్చి, పశుగ్రాసాన్ని గూర్చి తెలుగు అధ్యాపకులు వ్యాసం వ్రాయడమేమిటని కొందరు మిత్రులకు వింతగా తోచవచ్చును. మా తరగతి గదులలో కూర్చుండే విద్యార్థులలో అనేకులు కౌలురైతుల బిడ్డలు. ఒకటి రెండు బర్రెల పాలతో ఇల్లు గడుపుకొనే కుటుంబాలనుండి వచ్చినవారు. దాళ్వా కోతలకూ మా వేసవి సెలవులకూ కాలం ఒకటే కావడంచేత, వారిలో కొందరు గడ్డిమోపులు కట్టే యంత్రాల వెంట కూలికి వెళుతున్నారు. మేము బోధించే ఛందస్సు వారికి పరీక్షలో ఉపకరించవచ్చును గాని, పొలంలో త్రాడు తెగినప్పుడు ఉపకరించదు. ఆ సమయంలో ఏమి చేయవలెనో, అంతకంటె ముఖ్యంగా ఏమి చేయకూడదో తెలియజెప్పడమే ఈ వ్యాసానికి ప్రయోజనం.

ముందుగా మాటను గూర్చి ఒక మాట. సన్నని నార దారాలను పురిపెట్టి పేనిన త్రాటికి తెలుగులో పురికొస అని చక్కని పేరున్నది. దీనినే మన బజారులలో సుతిలి అంటారు. ఉర్దూ మిత్రుల సుత్లీయే ఈ సుతిలి. దుకాణంలో పొట్లం కట్టినా, పొలంలో గడ్డిమోపు కట్టినా పని చేసేది ఈ పురికొసయే. గడ్డిపరకలన్నీ ఏకమైతే ఏనుగునైనా కట్టవచ్చునని పెద్దలు చెప్పుదురు. అయితే ఆ గడ్డిపరకలను ఏకం చేసి నిలబెట్టేది ఎవరని ప్రశ్నించుకొంటే పురికొస విలువ తెలియగలదు.

గడ్డివామినుండి గడ్డిమోపు దాకా

కొడవలితో కోత కోసిన రోజులలో వరిగడ్డి నిడివిగా, చెదరకుండా చేతికి వచ్చేది. పనలు కట్టి, కుప్పలు వేసి, కళ్లంలో నూర్చిన పిమ్మట ఆ గడ్డిని వామిగా వేసేవారు. మోపు కట్టడానికి వేరే త్రాడు కూడ అవసరముండేది కాదు. ఆ గడ్డినే మెలిపెట్టి వెంటిగా పేని, దానితోనే బిగించేవారు. వామి వేయడం ఒక విద్య. వాననీరు లోపలికి దిగకుండా పైన వాలు తీర్చగల మనిషికి ఊరిలో గౌరవముండేది.

వరికోత యంత్రాలు వచ్చిన తరువాత పరిస్థితి మారినది. యంత్రం ధాన్యాన్ని తనలో నింపుకొని, గడ్డిని నలిపి, విరిచి, వెనుక వరుసగా పారబోసి పోవుచున్నది. ఆ చెదరిన గడ్డిని చేతితో పోగుచేయడం కూలి గిట్టని పని. అందుచేత రైతు ముందు రెండే మార్గాలు నిలుస్తున్నవి. ఒకటి నిప్పు పెట్టడం, రెండవది మోపు కట్టే యంత్రాన్ని పిలిపించడం. నిప్పు పెట్టినచో పశువు నోటి మేత బూడిద కావడమే గాక, నేలకు చేరవలసిన సేంద్రియ పదార్థమూ పొగలో కలిసిపోవును. కనుక పాడిని నమ్ముకొన్న ఇంటికి రెండవ మార్గమే శ్రేయస్కరం.

ఈ యంత్రాలు ముఖ్యంగా రెండు విధాలు. మొదటిది పెట్టె ఆకారంలో పలకల మోపు కట్టును. రెండవది గడ్డిని చాపవలె చుట్టి గుండ్రని చుట్టగా విడుచును. మన ప్రాంతాలలో తరచుగా కనిపించేది ఈ రెండవ రకపు చిన్న యంత్రం. మొదటి దానిలో త్రాటికి ముడి పడును. రెండవదానిలో ముడి ఉండదు, చుట్లు మాత్రమే ఉండును. కనుక రెండింటి చిక్కులూ వేరు. పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రం పనికిరాదు.

ముడి నేర్చిన యంత్రం

ఇనుముతో చేసిన యంత్రం మనిషి వ్రేళ్లవలె త్రాటికి ముడి వేయగలగడం సామాన్య విషయం కాదు. పంతొమ్మిదవ శతాబ్దంలో అమెరికాలో గోధుమ పనలు కట్టడానికి మొదట ఇనుపతీగను వాడిరి. తీగముక్కలు మేతలో కలిసి పశువుల కడుపులోనికి, ధాన్యంలో కలిసి పిండిమరలలోనికి పోవడంచేత రైతులు దానిని ఈసడించుకొనిరి. విస్కాన్సిన్ రాష్ట్రంలో పెరిగిన జాన్ ఆపిల్‌బీ పురికొసతో ముడి వేయగల సాధనాన్ని రూపొందించగా, 1878 ప్రాంతమునుండి అది పనలు కట్టే యంత్రాలలో వ్యాప్తిలోనికి వచ్చినది. 1930ల చివరి భాగంలో పెన్సిల్వేనియా రాష్ట్రపు రైతు ఎడ్విన్ నోల్ట్, నేలమీది గడ్డిని తానే ఎత్తుకొని తానే ముడివేసే మోపు యంత్రాన్ని తయారుచేసెను. పెద్ద గుండ్రని చుట్టలు కట్టే యంత్రాన్ని 1971లో అయోవా రాష్ట్రానికి చెందిన గేరీ వర్మీర్ తెచ్చెను. ఈ మధ్యకాలంలో ఎన్నో మార్పులు వచ్చినను, పలకల మోపు యంత్రంలో ముడి వేసే పద్ధతి మూలంలో నేటికీ ఆపిల్‌బీ పద్ధతియే.

ఆ పద్ధతిని ఒకసారి మనసులో చిత్రించుకొన్నచో చిక్కులను విప్పడం సులభమగును. త్రాటి ఒక కొసను గాళ్లు కోసిన చిన్న చక్రం ఒకటి బిగబట్టి ఉంచును. దీనిని పట్టుచక్రమందము. అక్కడినుండి త్రాడు గడ్డిగదిలోనికి దిగి, తయారగుచున్న మోపు ముందుభాగాన్ని చుట్టి, అడుగునుండి వెనుకకు వచ్చి, క్రింద ఉన్న పెద్ద సూది కన్నుగుండా త్రాటిపెట్టెలోని ఉండకు చేరును. మోపు పెరుగుచున్న కొలది మూడు ప్రక్కల త్రాడు దానిని ఆవరించును. కోరిన నిడివి రాగానే సూది క్రిందనుండి పైకి లేచి నాలుగవ ప్రక్కను మూసి, త్రాటిని తెచ్చి పట్టుచక్రానికి అందించును. ఇప్పుడు రెండు పోగులు ప్రక్కప్రక్కన చిలుకముక్కు వంటి కొక్కెం మీద పడుకొని ఉండును. కొక్కెం ఒక చుట్టు తిరిగి వాటిని మెలిపెట్టి, తన ముక్కు తెరచి కొసలను కరచిపట్టుకొనును. కత్తి కోయును. ఒక ఇనుపచేయి వచ్చి మెలికను కొక్కెం మీదినుండి తుడిచివేయగా, ముక్కున చిక్కిన కొసలమీదుగా మెలిక జారి ముడి బిగియును. సూది వెనుకకు పోవునప్పుడు తరువాతి మోపుకు కావలసిన త్రాటిని విడిచిపోవును. ఇదంతయు కనురెప్పపాటులో జరిగిపోవును.

ఇందులో పాల్గొన్నవారు ఐదుగురు: సూది, పట్టుచక్రం, కొక్కెం, కత్తి, తుడుపుచేయి. ఎవరు పని తప్పినా మోపు విప్పుకొనిపోవును. తప్పినదెవరో ఎట్లు తెలియును? తెగిన త్రాడే సాక్ష్యం చెప్పును.

తెగిన త్రాడు చెప్పే సాక్ష్యం

మోపు విడిపోగానే సుత్తి, పానా తీసుకొని కనిపించిన నట్టునెల్ల బిగించడం మనవారిలో తరచుగా కనిపించే అలవాటు. వైద్యుడు నాడి చూడకుండ మందు ఇచ్చుట వంటిది ఇది. మొదట ఇంజను ఆపి, తెగిన త్రాటిని పారవేయకుండ చేతిలోనికి తీసుకొని రెండు కొసలనూ పరిశీలించవలెను.

ఒక కొసకు ముడి ఉండి, రెండవ కొసకు లేకున్నచో రెండవ పోగు కొక్కెం మీదికి రాలేదని, లేక వచ్చియు నిలువలేదని అర్థం. సూది వంగినదేమో, త్రాటి బిగువు సడలి సూది వెంట త్రాడు సరిగా రావడంలేదేమో, గడ్డిపోచలు అడ్డుపడి త్రాటిని ప్రక్కకు నెట్టుచున్నవేమో చూడవలెను.

రెండు కొసలూ కత్తిరించినట్లు శుభ్రంగా ఉండి, ఎక్కడను ముడి లేకున్నచో కొక్కెం తిరిగినది గాని కొసలను కరచిపట్టలేదు. కొక్కెపు నాలుకను నొక్కి ఉంచే స్ప్రింగు సడలినదేమో, నాలుక అరిగినదేమో పరీక్షించవలెను.

కొస పీచులుపీచులుగా చిట్లి, ఈడ్చుకొనిపోయినట్లున్నచో పట్టుచక్రపు పట్టు చాలక త్రాడు జారిపోయినది. అట్లుగాక చక్రం పట్టిన చోటనే నలిగి తెగినచో పట్టు మితిమీరినది. ఒకే భాగం రెండు విధాల తప్పు చేయగలదని, రెండింటికీ మందు పరస్పర విరుద్ధమని దీనివలన గ్రహింపవచ్చును. కొసను చూడకుండ బిగించువాడు సగం పర్యాయాలు తప్పును రెట్టింపు చేయుచున్నాడన్నమాట.

ముడి చక్కగా పడియు కొక్కెమునుండి ఊడక, మోపు ముందుకు కదలినప్పుడు తెగినచో నాలుక మరీ బిగువుగా ఉన్నదని గాని, కొక్కెం త్రుప్పుపట్టి గరుకెక్కినదని గాని, తుడుపుచేయి కొక్కేన్ని ఆనుకొని కదలడంలేదని గాని తలంపవలెను. వానకాలమంతా మూలనపడి ఉన్న యంత్రాన్ని కోతల మొదటిరోజున బయటికి తీసినప్పుడు ఈ చిక్కు సహజం. సన్నని గరుకు కాగితంతో కొక్కేన్ని నునుపుచేసినచో అనేకసార్లు ఇదే చాలును.

కొసల అంచులు ఎగుడుదిగుడుగా చింపినట్లున్నచో కత్తి మొండిదైనది. ముడి పదిలంగా ఉండి త్రాడు వేరొకచోట తెగినచో ముడివేసే భాగాన్ని తాకనే కూడదు. త్రాడు నాసిరకమై ఉండవచ్చును, ఎలుకలు కొరికి ఉండవచ్చును, దారిలో ఏదైన ఇనుప అంచు కోయుచుండవచ్చును, లేదా మోపును శక్తికి మించి గట్టిగా అదుముచుండవచ్చును.

తప్పు త్రాటిదో యంత్రానిదో తేలనప్పుడు చక్కని పరీక్ష ఒకటి కలదు. పలకల మోపుకు రెండు త్రాళ్లు, రెండు ముడి సాధనాలు ఉండును. ఒకటి సరిగా ముడివేయుచు, రెండవది తప్పుచున్నదనుకొందము. ఇంజను ఆపి, ఆ రెండింటికి వెళ్లే త్రాటి ఉండలను తారుమారు చేయవలెను. తప్పు ఉండతోపాటు రెండవ ప్రక్కకు మారినచో దోషం త్రాటిది. ఉన్నచోటనే ఉన్నచో దోషం యంత్రానిది. తర్కశాస్త్రం చదివిన విద్యార్థులు ఇందులోని అన్వయవ్యతిరేకాలను గుర్తింపగలరు. అదే విధంగా ఒక పర్యాయం ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. నట్టును పావుచుట్టు త్రిప్పి, రెండు మూడు మోపులు కట్టి చూచి, ఫలితాన్నిబట్టి ముందుకు పోవలెను. ఒకేసారి మూడింటిని త్రిప్పినవానికి ఏది గుణమిచ్చినదో ఎన్నటికీ తెలియదు.

చిక్కులలో పెక్కింటికి మూలం యంత్రంలో గాక త్రాటిపెట్టెలోనే ఉండును. కొత్త ఉండను లోపలి కొసనుండి తీయవలెను. బయటి కొసనుండి లాగినచో ఉండ దొర్లి, పురి మెలిపడి, కన్నులలో ఇరుక్కొనును. ఒక ఉండ బయటి కొసను తరువాతి ఉండ లోపలి కొసకు చదరంగా, చిన్నదిగా ముడివేసి, మిగులు కొసలను దగ్గరగా కత్తిరించవలెను. లావుపాటి ముడి సూది కన్నులో పట్టదు. ముడి సాధనంమీద పేరుకొన్న దుమ్మునూ పొట్టునూ ప్రతిదినం దులపవలెను. వరిగడ్డిలో ఇసుకవంటి సిలికా అధికం కనుక ఆ దుమ్ము ఇనుమును సైతం అరగదీయును.

త్రాటి పొదుపును గూర్చి చిన్న లెక్క. పలకల మోపు సాధారణంగా 14 అంగుళాల ఎత్తు, 18 అంగుళాల వెడల్పు, సుమారు 36 అంగుళాల పొడవు ఉండును. త్రాడు పొడవునూ ఎత్తునూ చుట్టి వచ్చును కనుక ఒక చుట్టుకు 100 అంగుళాలు. ముడికి కలుపుకొని ఎనిమిదిన్నర అడుగులు. రెండు త్రాళ్లకు 17 అడుగులు. 9,000 అడుగుల త్రాటి కట్ట ఒకటి సుమారు 530 మోపులకు సరిపోవలెను. పని ముగిసిన పిమ్మట ఈ లెక్కకూ కట్టిన మోపుల సంఖ్యకూ పెద్ద తేడా కనిపించినచో ఎక్కడనో త్రాడు వృథా అగుచున్నదని పసికట్టవచ్చును.

గుండ్రని చుట్ట – ముడిలేని బంధం

గుండ్రని చుట్టకు ముడి లేదు. చుట్ట లోపల తిరుగుచుండగా త్రాడు దానిమీద పడి, ఒక అంచునుండి రెండవ అంచుకు నడచుచు చుట్లు వేసుకొనును. తుదకు కత్తి కోసివేయును. గడ్డికీ త్రాటికీ గల రాపిడియే ఇక్కడ ముడికి బదులు. కనుక చిక్కులు మూడు చోట్ల పుట్టును.

మొదటిది, త్రాడు అందుకొనకపోవుట. యంత్రంలోనికి వ్రేలాడే కొస మరీ పొట్టిదైనను, తడిసి బరువెక్కినను, గడ్డి మిట్టమధ్యాహ్నపు ఎండకు పెళుసెక్కి పొడిపొడియైనను చుట్ట త్రాటిని లాగుకొనలేదు. చివరి పిడికెడు గడ్డి లోనికి పోవునప్పుడే త్రాడును అందించినచో గడ్డితోపాటు త్రాడూ చుట్టుకొనును. రెండవది, అంచుల చుట్లు ఊడిపోవుట. త్రాడు మరీ అంచుదాకా పోయినచో చుట్టను దొర్లించగానే జారిపోవును. ప్రక్కలనున్న ఆపుడు బిళ్లలను కొంచెము లోపలికి జరుపవలెను. మూడవది, చుట్లు చాలకపోవుట. 60 సెంటీమీటర్ల వ్యాసం గల చుట్టకు ఒక చుట్టుకు సుమారు 1.9 మీటర్ల త్రాడు పట్టును. పది చుట్లకు 19 మీటర్లు. త్రాటి ఖర్చుకు వెరచి చుట్లు తగ్గించినవాడు లారీ ఎక్కించునప్పుడు గడ్డినే పోగొట్టుకొనును.

ఇక్కడనే ప్రాణాపాయపు సంగతి చెప్పక తప్పదు. త్రాడు అందుకొననప్పుడు యంత్రం తిరుగుచుండగానే కొసను చేతితో లోపలికి అందించాలనే ఆలోచన ప్రతివారికీ కలుగును. ట్రాక్టరునుండి యంత్రానికి శక్తినందించే ఇరుసు నిమిషానికి 540 చుట్లు తిరుగును. అనగా సెకనుకు తొమ్మిది. లోపలికి గుంజబడిన గడ్డిని వదలిపెట్టుటకు మనిషికి పట్టే కాలంకంటె, ఆ గడ్డితోపాటు చేయి లోనికి పోవుటకు పట్టే కాలం తక్కువ. లుంగీ అంచు, తువ్వాలు, చున్నీ, వదులైన చొక్కా చేయి, ఏది తగిలినను ఇరుసు క్షమించదు. ఒకానొక సంవత్సరం సెలవుల తరువాత మా విద్యార్థి ఒకడు కుడిచేతికి కట్టుతో వచ్చి, కొన్ని వారాలపాటు ఎడమచేతితో పేరు వ్రాయడం నేర్చుకొన్నాడు. రెండు వ్రేళ్లు తిరిగి రాలేదు. అతడు అజాగ్రత్తపరుడు కాడు, సోమరి అంతకన్నను కాడు. యజమాని తొందరపెట్టగా, ఇంజను ఆపితే కాలయాపన అగునని తలచిన మంచి పనివాడు. ఇట్టి ప్రమాదాలలో తరచుగా చిక్కుకొనువారు ఇట్టి మంచి పనివారే.

కనుక సూత్రం ఒక్కటే: ఇంజను ఆపి, తాళపుచెవి జేబులో వేసుకొని, ఇరుసూ బరువు చక్రమూ పూర్తిగా నిలిచేదాకా వేచి, అటుపిమ్మటనే చేయి చాపవలెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట ఎవరికీ మేలు చేయదు. పలకల మోపు యంత్రంలో ముడి సాధనాన్ని చేతితో త్రిప్పి పరీక్షించునప్పుడు సైతం కొక్కెమూ కత్తీ పూర్తిగా పనిచేయునని, సూదులు పైకి లేచునని మరువరాదు.

తడి, వేడి, బూజు

త్రాడు ఎంత చక్కగా కట్టినను లోపలి గడ్డి పచ్చిదైనచో శ్రమ అంతా వ్యర్థం. నిల్వచేసే గడ్డిలో తేమ నూటికి 20 పాళ్లకు మించరాదు. 15 నుండి 18 పాళ్లు మేలు. గుప్పెడు గడ్డిని తీసి గట్టిగా మెలిపెట్టినప్పుడు చేతికి చెమ్మ తగిలినను, కణుపుల దగ్గర పచ్చదనం కనిపించినను ఆగవలెను. తెల్లవారుజామున మంచు ఆరకముందే కట్టరాదు.

పచ్చిగడ్డి మోపులో సూక్ష్మజీవులు వృద్ధిపొంది వేడి పుట్టించును. లోపలి వేడి 65 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరినచో ప్రతిదినం కనిపెట్టి చూడవలెను. 80 డిగ్రీలను సమీపించినచో ఏ క్షణంలోనైనను తనంతట తానే అంటుకొనవచ్చును. ఉష్ణమాపకం లేనివారు ఇనుపకడ్డీని వామిలోనికి గుచ్చి కొంతసేపు ఉంచి తీసి, చేయి పెట్టి చూడవచ్చును. పట్టుకొనలేనంత కాగి ఉన్నచో మోపులను హడావిడిగా లాగరాదు. గాలి తగలగానే మంట లేచును. ముందుగా అగ్నిమాపకదళానికి కబురుచేసి, నీరు సిద్ధపరచుకొని మాత్రమే విప్పవలెను.

నిప్పు అంటకపోయినను బూజు తప్పదు. బూజుపట్టిన వరిగడ్డి తిన్న బర్రెలలో తోక, చెవుల కొసలు, గిట్టల భాగం కుళ్లి రాలిపోయే వ్యాధి ఒకటి కలదు. ప్రస్తుతం పాకిస్తానులో ఉన్న పంజాబు ప్రాంతపు డెగ్ నాలా వాగు పేరున దానిని డెగ్‌నాలా వ్యాధి అందురు. ఒక్క బర్రెమీద బ్రతికే ఇంటికి ఇంతకు మించిన ఉపద్రవం లేదు. ఆ బూజుదుమ్మును పదేపదే పీల్చిన మనుష్యులకును ఊపిరితిత్తుల వ్యాధి కలుగును. పాతమోపులు విప్పునప్పుడు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకొనుట నామోషీ కాదు.

ఎత్తుట, పేర్చుట, తరలించుట

మోపును త్రాటితో పట్టి ఎత్తరాదు. త్రాడు సాగి ముడి జారును, అరచేయి కోసుకొనును. కొంకికర్రను గాని, చేతితొడుగులను గాని వాడి, మోకాళ్లు వంచి, మోపును శరీరానికి దగ్గరగా పట్టుకొని లేవవలెను. నడుము వంచి, చేతులు చాచి, ఒక్క ఉదుటున పైకి లేపువాడు ఇరువదేండ్ల వయసులో చేసిన సాహసానికి నలుబదేండ్ల వయసులో మూల్యం చెల్లించును.

పేర్చునప్పుడు నేలమీద మొద్దులో రాళ్లో పరచి, తేమ తగలకుండ చూడవలెను. పలకల మోపులను ఇటుక కట్టడంవలె కీళ్లు తప్పించి పేర్చవలెను. ఒక వరుస పొడవుగా, దానిపై వరుస అడ్డంగా పడినచో గోడ కదలదు. అడుగు వరుసలో త్రాళ్లు నేలకు ఆనకుండ ప్రక్కలకు వచ్చునట్లు పెట్టవలెను. నార త్రాడు నేల చెమ్మకు చివికిపోయినచో ఎత్తేనాటికి మోపు ఉండదు, గడ్డి మాత్రమే ఉండును. గుండ్రని చుట్టలను వాలునేల మీద ఉంచరాదు. అడుగు వరుస రెండు కొసలకూ రాళ్లు ఆపు పెట్టవలెను. ఆరుబయట ఉంచిన చుట్టను గూర్చి ఒక లెక్క గమనింపదగినది. 60 సెంటీమీటర్ల చుట్టలో పై 6 సెంటీమీటర్లు మాత్రమే తడిసి చెడిపోయినదనుకొందము. చూచుటకు అది పలుచని పొరయే. కాని మిగిలిన వ్యాసం 48 సెంటీమీటర్లు. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని అనుసరించును గనుక మిగిలిన గడ్డి నూటికి 64 పాళ్లు. అనగా పై పొరతో మూడవ వంతుకు పైగా పోయినదన్నమాట. టార్పాలిను కప్పుట ఖర్చా, పొదుపా అనునది పాఠకులే నిర్ణయించుకొనవచ్చును.

తరలించునప్పుడు విద్యుత్తు తీగలు మన పల్లెలలో పెద్దగండం. ట్రాక్టరుమీద ఎత్తుగా వేసిన గడ్డి తీగలకు తగిలి దగ్ధమైన వార్తలను ప్రతి కోతకాలంలోనూ చదువుచునే ఉన్నాము. పోవలసిన దారిని ముందుగా చూచుకొని, తీగలు వ్రేలాడుచున్నచోట బరువును తగ్గించవలెను. గడ్డిమీద మనుష్యులను కూర్చుండబెట్టరాదు. తీగ తగిలియు మంట లేనప్పుడు నడిపేవాడు క్రిందికి దిగక, విద్యుత్తు నిలిపేదాకా కూర్చున్నచోటనే ఉండవలెను. మంట లేచి దిగక తప్పనప్పుడు వాహనాన్నీ నేలనూ ఒకేసారి తాకకుండ, రెండు కాళ్లూ చేర్చి దుమికి, పాదాలను ఎడము చేయక చిన్నచిన్న అడుగులతో జరుగుచు దూరంగా పోవలెను.

విప్పిన త్రాడు ఎక్కడికి పోవును?

మోపును కట్టుటయందు ఇంత శ్రద్ధ చూపినవారు కూడ విప్పునప్పుడు త్రాటిని మరచిపోదురు. జనపనార, కిత్తనార త్రాళ్లు కాలక్రమేణ నేలలో కలిసిపోవును. ప్లాస్టిక్ త్రాడు చవుక, దారుఢ్యం గలది. కాని పశువు కడుపులో అది కరగదు. కొద్దికొద్దిగా పోగుపడి, ఉండకట్టి, నెమరును ఆపి, తుదకు పశువును చంపును. ఇనుపతీగ పశువుల కడుపులో పడుచున్నదనియే గదా మనిషి పురికొసను వెదకుకొనినది! ప్లాస్టిక్ త్రాటిని మేతలో వదలినచో ఒకటిన్నర శతాబ్దం వెనుకటి తప్పును తిరిగి చేసినవారమగుదుము. కట్టిన త్రాళ్లెన్నో తీసిన త్రాళ్లన్ని కావలెను. కొట్టంలో ఒక మేకు కొట్టి, విప్పిన ప్రతి త్రాటిని దానికి తగిలించి, సాయంత్రం లెక్కచూచుట చిన్నపిల్లలు సైతం చేయగల పని.

కళాశాల కార్యవర్గం వారికి ఒక విన్నపం. జాతీయ సేవా పథకం శిబిరం పల్లెలలో జరుగునప్పుడు ఒక పూటను ఈ యంత్రాల జాగ్రత్తలకు కేటాయించి, జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం వారిని ఆహ్వానించి, నిలిపి ఉంచిన యంత్రం ముందు విద్యార్థులకు చూపించినచో ఖర్చు స్వల్పం, ఫలం అధికం. వేసవి సెలవులకు ముందుగా ఇది జరిగినచో మరింత మేలు.

విద్యార్థి మిత్రులారా! పొలంలో పని చేసి ఫీజు కట్టుకొనుటలో చిన్నతనమేమియు లేదు. ఆ కష్టాన్ని మేము గౌరవింతుము. అయితే త్రాడు తెగినచో మరల కట్టవచ్చును, మోపు విడిపోయినచో మరల పోగుచేయవచ్చును, ఆగిన యంత్రాన్ని మరల నడుపవచ్చును. పోయిన వ్రేలిని తెచ్చి అతికించుట మాత్రం ఏ యజమాని వల్లను కాదు. త్వరగా కానిమ్మని ఎవరు గద్దించినను ముందు ఇంజను ఆపుడు, తరువాత త్రాటిని చూడుడు. సెలవుల పిమ్మట హాజరుపట్టీ విప్పునప్పుడు మీరందరును మునుపటివలెనే పది వ్రేళ్లతో మా ముందు కూర్చుండవలెనని మా కోరిక.